తేనెటీగలకు చెప్పని చావు

మా బొహేమియా వాళ్ళు వలసొచ్చి కట్టుకున్న నొవా లూకాలో ఆ వారం నా రొట్టెలు తిన్నవి రెండే ప్రాణాలు. ఒకటి పక్కింటి కుక్క. రెండోది డిటెక్టివ్ ఇగ్నాట్స్ వావ్రా.

ఆయన్ని ఒమాహా పట్నం నుంచి పిలిపించింది నేనే. ఫీజు ఇచ్చుకునే తాహతు నాకు లేదు. బేకరీ మీద గది, మూడు పూటలా భోజనం అని ఒప్పందం చేసుకున్నాం. మూడు పూటలంటే ఆయన దృష్టిలో ఆరు. మనిషి లావు, కళ్ళెప్పుడూ సగం మూతపడే ఉంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోతాడేమోనని ఎదుటివాడికి భయం వేస్తుంది. ఇలాంటివాడా మా తమ్ముణ్ణి కాపాడేది అని నేను రోజూ పిండి పిసుకుతూ తిట్టుకునేదాన్ని.

మా తమ్ముడు సిరిల్, స్టెహ్లిక్ గారి బ్యాంకులో క్యాషియర్. బీటుదుంపల చక్కెర ఫ్యాక్టరీ ఒకటి వస్తుందని నమ్మి ఆ బ్యాంకు ఊరి సొమ్మంతా దానికి అప్పిచ్చింది. ఫ్యాక్టరీ రాలేదు. బ్యాంకు తలుపులు మూతపడిన పొద్దున్నే దాని యజమాని లియోపోల్డ్ స్టెహ్లిక్ కోటు, టోపీ బ్లూ నది ఒడ్డున దొరికాయి. నది వరదలో ఉంది, మనిషి దొరకలేదు. ఇనప్పెట్టెలో మిగిలిన డబ్బూ దొరకలేదు. ఆ పెట్టెకు రెండే తాళంచెవులు, ఒకటి స్టెహ్లిక్ దగ్గర, ఇంకోటి సిరిల్ దగ్గర. పెట్టెను ఎవరూ పగలగొట్టలేదు, తాళం తీసే తెరిచారు. పైగా ముందురోజు సాయంత్రం ఇద్దరూ కలిసి వంతెన వైపు నడుస్తుంటే ఊళ్ళో సగం మంది చూశారు. వంతెన దగ్గర విడిపోయామని వాడు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

బ్యాంకుకు పూచీ పడ్డ కంపెనీ హార్లన్ ప్రూయిట్ అనే డిటెక్టివ్‌ని పంపింది. ఆయన రైలు దిగిన గంటలోనే మా వాణ్ణి లాకప్‌లో పెట్టించాడు. డబ్బు కోసం యజమానిని నదిలోకి తోశాడని కేసు. వారం తిరిగాక ఒక పొద్దున నాకు కబురు పంపాడు, సాయంత్రం రైలుకి సిరిల్‌ని కౌంటీ జైలుకి తీసుకుపోతున్నానని. అక్కడ జ్యూరీలో కూర్చునేవాళ్ళు ఎవరు? ఆ బ్యాంకులో సొమ్ము పోగొట్టుకున్న రైతులే. అక్కడికి చేరితే వాడి మెడకు తాడు ఖాయం.

"సాయంత్రం లోపల ఏదో ఒకటి తేల్చండి," అన్నాను.

"కాఫీ ఇంకాస్త పొయ్యమ్మా," అన్నాడు వావ్రా. తాగి, మూతి తుడుచుకుని లేచాడు. "పద. వితంతువుని పలకరించి వద్దాం."

నదీ తీరంలో చెట్లు దూది విడిచే కాలం అది. వీధంతా తెల్లటి నూగు తేలుతోంది, పైకీ పోదు, కిందా పడదు. నాకు వారం రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. నడుస్తున్నానో కలలో ఉన్నానో తెలియని స్థితిలో స్టెహ్లిక్ ఇంటి గేటు దాకా వెళ్ళాను. ముందు కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. మొదటి రెండు రోజులు ఊరంతా వచ్చి ఆమెను ఓదార్చింది. బ్యాంకులో ఒక్క డాలరు కూడా రాదని తెలిశాక అదే ఊరు రాళ్ళు పట్టుకుని వచ్చింది.

స్టెహ్లిక్ భార్య అపొలేనా పిన్ని వంటింట్లో నల్లబట్టల్లో కూర్చుని ఉంది. సొంత పిన్ని కాదు. మా అమ్మ పోయాక సిరిల్ సగం రోజులు ఈ వంటింట్లోనే తిని పెరిగాడు, అదీ వరస. నన్ను చూసి చూపు తిప్పేసుకుంది.

వావ్రా అడక్కుండానే కుర్చీ లాక్కున్నాడు. "ఆ సాయంత్రం ఆయన ఎప్పుడు బయల్దేరారమ్మా?"

"చర్చి గంట కొట్టాక."

"భోంచేశారా?"

"చేశాడు."

"ఏం వండారు?"

"చావబోయే మనిషి తిన్న కూర కూడా కావాలా నీకు?"

"తిండి సంగతి నేనెప్పుడూ అడుగుతాను. కావాలంటే రొజాలియాని అడగండి," అన్నాడు నన్ను చూపించి.

"బాతు. క్యాబేజీ."

"కోటు వేసుకునే వెళ్ళారా?"

"వేసుకునే."

"ఉన్ని కోటు. జూన్ నెలలో."

"ఆయనకి చలెక్కువ."

"కావచ్చు." వావ్రా కళ్ళు ఇంకాస్త మూసుకున్నాడు. "ఆ కోటు నేను చూశాను. చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి పెట్టి, దుకాణంలో పెట్టినంత శుభ్రంగా మడత పెట్టి ఉంది. నలభై ఏళ్ళుగా మగవాళ్ళని చూస్తున్నాను. తన కోటు తాను అలా మడిచినవాడు నాకు తగల్లేదు."

"మా ఆయన బ్యాంకు మనిషి. శుభ్రం ఎక్కువ."

నాకు ఒళ్ళు మండింది. "పిన్నీ, మా వాడు నీ చేతి ముద్ద తిన్నవాడు. సాయంత్రం వాణ్ణి తీసుకుపోతున్నారు. నీకు తెలిసింది దాచకు."

ఆమె టేబుల్ అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మీ తేనెటీగలు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు వావ్రా, పొరుగింట్లో పిల్లల్ని అడిగినట్టు. "మా తాతకి కూడా ఉండేవి. ఒకసారి చూపిస్తారా?"

తోటలోకి వెళ్ళాం. ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. తెల్లపూల గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. దాని మధ్య పసుపు, నీలం, ఎరుపు రంగులు వేసిన తేనెపెట్టెలు వరసగా ఉన్నాయి. వాటి చప్పుడు వింటుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈ ఊళ్ళో బ్యాంకు మునిగిందన్న సంగతి తెలియనివి ఈ ఈగలొక్కటే, హాయిగా పనిచేసుకుంటున్నాయి అనుకున్నాను.

వావ్రా పెట్టెల మధ్య నెమ్మదిగా తిరిగాడు. ముట్టుకోలేదు, వంగి చూశాడంతే. నీలం పెట్టె మూతకీ పసుపు పెట్టె మూతకీ మధ్య సాలెగూడు ఉంది. దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న ఇంటి తాళంచెవి తీసుకున్నాడు.

"ఈ గొడవల్లో మీరు మరిచిపోయినట్టున్నారు," అన్నాడు. "పోనీ, మీ తరఫున నేను చెప్తాను."

మాలో ఇంటాయన పోతే ముందు చెప్పవలసింది పాదిరికి కాదు, తేనెటీగలకి. ఇంటి తాళంచెవితో ఒక్కో పెట్టెనీ తట్టి, మీ యజమాని పోయాడు, ఇకమీదట మిమ్మల్ని నేను చూసుకుంటాను అని చెప్పి నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి ఇల్లు విడిచి ఎగిరిపోతాయి. ఇక బతికున్నవాణ్ణి పోయాడని వాటికి ఎవరైనా చెబితే ఆ మాట నిజమై తీరుతుంది. చిన్నప్పుడు తేనెపెట్టెల దగ్గర అబద్ధమాడితే మా అమ్మ వీపు చిట్లగొట్టేది. ఇన్ని రోజులుగా ఈ పెట్టెల మీద ఒక్క నల్లపీలిక లేదు, ఎవరూ తట్టలేదు కాబట్టే సాలెగూడు కూడా చెదరలేదు. రాళ్ళు వేయడానికి వచ్చిన ఊరు కిటికీలు చూసింది గానీ తోట చూడలేదు.

వావ్రా ఎర్రపెట్టె మీద ఒకసారి తట్టాడు. "మీ యజమాని..."

అపొలేనా పిన్ని గాలిలా వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో ఆమె అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"వద్దు," అంది. "నీకు దణ్ణం పెడతాను. ఆ మాట అనకు."

పెట్టెలో చప్పుడు ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంది. పిన్ని నల్లబట్టలు కట్టుకుని పాదిరి ముందు ఏడ్చింది, ఊరి పోలీసు మార్షల్ ముందు ఏడ్చింది, ఊరందరి ఓదార్పూ తీసుకుంది. ఈగల దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. స్టెహ్లిక్ బతికే ఉన్నాడు. నేను గడ్డిలో కూలబడ్డాను.

వావ్రా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు చాలా మెత్తబడింది. "ఎక్కడున్నాడని నేనడగను. వెంటపడితే కంగారులో ఏం చేస్తాడో తెలియదు. మీరే వెళ్ళి చెప్పండి. మిగిలిన డబ్బుతో సాయంత్రంలోగా బేకరీకి రమ్మనండి. రైతుల ముందు ఆయన పక్కన నేను నిలబడతాను. జైలు తప్పదు, కానీ ఉరి ఎవరికీ ఉండదు. సిరిల్‌కి అసలే ఉండదు."

"రైలు దాకా వెళ్ళాడు ఆ రాత్రి," అంది ఆమె, నన్ను చూస్తూ. "ఎక్కలేకపోయాడు. నన్ను వదిలి ఎక్కడికి పోతాడు? తిరిగొచ్చేశాడు. మీ వాణ్ణి పట్టుకుంటారని మాకు తెలియదే. తెలిశాక భయపడిపోయాం."

ఆమెను తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. మా వాడు బతుకుతాడన్న ఏడుపు.

లాకప్ అంటే మార్షల్ ఆఫీసు వెనక ఇటుక గది. మేం వెళ్ళేసరికి ప్రూయిట్ గుమ్మంలో కుర్చీ వేసుకుని చుట్ట కొస కొరుకుతున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి సూటు. ఈ ఊరి మట్టి ఆ సూటుకి ఎందుకు అంటదో నాకు అర్థం కాదు.

"రండి రండి. బొహేమియా డిటెక్టివ్ గారు ఇవాళ ఎన్ని రొట్టెలు అరెస్టు చేశారు?"

"ఆరు," అన్నాడు వావ్రా. "అన్నీ నేరం ఒప్పుకున్నాయి. మీ ఖైదీ ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు. కౌంటీలో గోడలు మందం."

"ఆధారం?"

"తాళంచెవి వాడిది. ఆఖర్న ఆయనతో కనిపించింది వాడు. ఇంకేం కావాలి?"

"శవం."

"నదిని అడగండి."

"నది దగ్గర లేనిదాన్ని నది ఎక్కణ్ణుంచి ఇస్తుంది?"

ప్రూయిట్ నవ్వాడు. "విను పెద్దాయనా. నేను పెద్ద కంపెనీ మనిషిని. నువ్వు ఓ రొట్టెలమ్మాయి పెట్టే తిండికి పనిచేస్తున్నావు. ఇవాళ్టితో ఈ కేసు అయిపోతుంది. తిన్నది అరిగేలా ఒమాహా దాకా నడిచిపో."

వావ్రా కళ్ళు పూర్తిగా తెరుచుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు చంపారంటున్న మనిషి ఊపిరి పీలుస్తున్నాడు ప్రూయిట్."

"ఎవరు చెప్పారు?"

"తేనెటీగలు." తోటలో జరిగింది చెప్పేశాడు. తాళంచెవి, నల్లగుడ్డ, ఆమె వచ్చి చెయ్యి పట్టుకోవడం, అన్నీ. నాకెందుకో మధ్యలో ఆపాలనిపించింది. కానీ ప్రూయిట్ ముఖం మాడిపోవడం చూడాలని నాకూ ఉబలాటమే.

ప్రూయిట్ పగలబడి నవ్వాడు. కుర్చీ వెనక్కి వాలిపోయేలా నవ్వాడు. "ఈగలు సాక్ష్యం చెప్పే కోర్టు ఎక్కడుందో చెప్పు, నేనూ వస్తాను. అయితే ముసలాయనకి క్యారేజీ మోస్తోంది ఆవిడేనన్నమాట." జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు, పుల్ల గీశాడు, అది వేలి దాకా కాలేవరకూ చుట్టకి అంటించడం మరిచిపోయాడు. "సరే. నేను మొండివాణ్ణి కాను. సాయంత్రం రైలు దాకా ఆగుతాను. ఆయన వస్తే మంచిదే. రాకపోతే నా ఖైదీ నాతో వస్తాడు."

అంత సులువుగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. సంతోషంతో ఆయనకి దణ్ణం కూడా పెట్టాను.

వెనక్కి వెళ్ళి, ఇనప చువ్వల్లోంచి సిరిల్‌కి గసగసాలు పెట్టిన తీపిరొట్టె, కోలాచె, అందించాను. వాడు పాపం గడ్డం పెరిగి, ఎవరి తమ్ముడో అన్నట్టున్నాడు.

"అక్కా, ఏంటలా నవ్వుతున్నావు? పిచ్చెక్కిందా?"

"సాయంత్రం ఇంట్లో స్నానం చేద్దువుగాని. కంపు కొడుతున్నావు."

"నిజంగానా?"

"నిజంగానే. తిను."

వాడు తింటూ తింటూ ఏడ్చాడు. నేను చువ్వల్లోంచి చెయ్యి పెట్టి వాడి జుట్టు సర్దాను.

నా జీవితంలో ఆ మధ్యాహ్నమంత పొడుగు మధ్యాహ్నం ఇంకోటి లేదు. పొయ్యి వెలిగించాను. రైతులు వస్తారు, స్టెహ్లిక్ వస్తాడు, సిరిల్ వస్తాడు, అందరికీ సరిపడా చేయాలని ట్రేల మీద ట్రేలు పెట్టాను. వావ్రా కిటికీ దగ్గర కుర్చీలో ఒరిగి నిద్రపోయాడు. చెట్ల దూది తెరిచిన తలుపులోంచి లోపలికొచ్చి పిండి మీద వాలుతోంది. నేను తోలలేదు. ఊళ్ళో కుక్క కూడా మొరగలేదు. గసగసాల వాసన, వేడి, దూరంగా వరద నది చప్పుడు, అన్నీ కలిసి నన్నూ కాసేపు ఎక్కడికో తీసుకుపోయాయి. కలలో మా సిరిల్ చిన్నవాడై నీలం తేనెపెట్టె మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. రొట్టెలు చల్లారిపోయాయి. స్టెహ్లిక్ రాలేదు.

వావ్రా అప్పటికే లేచి టోపీ పెట్టుకుంటున్నాడు. "ఆయన రావలసిన వేళ దాటింది. తోటకి పద," అన్నాడు. ఆ గొంతులో నిద్రమత్తు లేదు.

గేటు దగ్గరికి వెళ్ళకముందే నాకు తేడా తెలిసింది. పొద్దున గడ్డి మీద పరుచుకుని ఉన్న చప్పుడు ఇప్పుడు పెట్టెల్లోకి ముడుచుకుపోయింది. ఈగలన్నీ గుమ్మాల దగ్గర గుంపులు కట్టి ఉన్నాయి, ఎగరడం లేదు. పసుపు పెట్టెకి నల్లపీలిక కట్టి ఉంది. నీలం పెట్టెకి కట్టి ఉంది. సాలెగూడు తెగి వేలాడుతోంది.

అపొలేనా పిన్ని ఆఖరిదైన ఎర్రపెట్టె ముందు మోకాళ్ళ మీద ఉంది. నల్లగౌను అంచు చుట్టూ చిరిగిపోయి ఉంది. పెట్టె మీద తాళంచెవితో తట్టింది.

"మీ యజమాని పోయాడు," అంది వాటితో, పసిపిల్లలకి చెప్పినట్టు. "ఇకమీదట మిమ్మల్ని నేను చూసుకుంటాను. మీరు వెళ్ళిపోకండి."

చివరి పీలిక కట్టింది. ముడి పడలేదు. నేను వెళ్ళి ముడి వేశాను.

"వాగు గట్టు తవ్వి కట్టుకున్న మా పాత మట్టిగుంత ఇల్లు ఉంది కదే," అంది నాతో. "ఈ దేశానికి వచ్చిన కొత్తలో మేం కాపురం పెట్టిన ఇల్లు. పైన గడ్డి పెరిగిపోయింది, ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. అందులో ఉన్నాడు ఇన్నాళ్ళూ. మధ్యాహ్నం వెళ్ళి చెప్పాను. వస్తానన్నాడు. నిజంగా వస్తానన్నాడు రొజాలియా, మీ వాడి పేరు చెప్పి ఏడ్చాడు. ఊరి ముందుకి గడ్డంతో రాలేను, గీసుకుంటాను, వేణ్ణీళ్ళు తెమ్మన్నాడు. ఇంటికొచ్చి నీళ్ళు కాచాను. పట్టుకెళ్ళేసరికి ఎవరో ఆయన్ని తల వెనక దెబ్బ కొట్టి చంపి పడేశారు. డబ్బు సంచీ లేదు. నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి."

ఆమెను పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి.

"మొన్న దొంగ ఏడుపు ఏడిస్తే ఊరంతా వచ్చి ఓదార్చింది," అంది. "ఇవాళ నిజంగా పోయాడు. ఎవరికి చెప్పుకోను? అందరి దృష్టిలో ఆయన పోయి చాలా రోజులైంది కదా."

వావ్రా కొయ్యబారిపోయి నిలబడ్డాడు. "దార్లో మీ వెనక ఎవరైనా..."

"గడ్డి కదిలింది. గాలి అనుకున్నాను." ఆమె మెల్లగా తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "పొద్దున ఈ పెట్టె మీద నువ్వు ఒకసారి తట్టావు. మాట పూర్తి చేయనివ్వలేదు నేను. ఎక్కడికి పోయి పూర్తి చేశావు బాబూ? ఎవరితో చెప్పావు?"

వేలి దాకా కాలిన అగ్గిపుల్ల నా కళ్ళ ముందుకొచ్చింది. పొద్దున స్టెహ్లిక్ బతికున్నాడని తెలిసినవాళ్ళం నలుగురం. అపొలేనా పిన్ని, వావ్రా, నేను, ప్రూయిట్.

"సిరిల్ లాకప్‌లో ఉండగా జరిగింది ఇది," అన్నాను పిచ్చిదానిలా. "అంటే వాడు నిర్దోషి. అంతే కదండీ? ఇక వాణ్ణి వదిలేస్తారు కదా?"

"వదలరు," అన్నాడు వావ్రా. పెదవులు తెల్లబడ్డాయి. "ఊరి లెక్కలో స్టెహ్లిక్ మొదటిరోజే చచ్చాడు. ఈపాటికి ఆ శవాన్ని ప్రూయిట్ వరద నదిలో కలిపేసి ఉంటాడు, ఎప్పటికీ దొరకదు. ఆయన కథకి అడ్డం ఇంక సిరిల్ ఒక్కడే మిగిలాడు. కోర్టులో నోరు విప్పి వంతెన సంగతి చెప్పేవాడు. దార్లో ఖైదీ పారిపోబోయాడు, కాల్చాను అంటే అడిగేవాడెవడు?"

అప్పుడే వంతెన అవతల రైలు కూత వేసింది. ఈ ఊళ్ళో అది ఎక్కువసేపు ఆగదు. నీళ్ళు పట్టుకుని కదిలిపోతుంది.

వావ్రా అప్పటికే గేటు దాటి పరిగెడుతున్నాడు, అంత లావు మనిషి. నా కాళ్ళు మాత్రం గడ్డిలో పాతుకుపోయాయి. కలలో పరిగెత్తాలనుకుంటే కాలు లేవదు చూడండి, అలాగ.

అపొలేనా పిన్ని నా రెండు భుజాలూ పట్టుకుని గేటు వైపు తోసింది.

"పరిగెత్తవే," అంది. "నీకు చెప్పుకోవడానికి తేనెటీగలు కూడా లేవు."